చిన్నసారు కొలతలకు కుట్టిన పోస్టు

"ఈ రోజు దేశ విజ్ఞాన చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగ్గ రోజు. ఈ సంస్థలో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ రంగానికి వంద డాక్టరేట్ పరిశోధక పోస్టులు మంజూరు చేస్తున్నాను" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ చప్పట్లు తగ్గకముందే ఆర్థిక శాఖ కార్యదర్శి వెనకనుంచి వంగి మంత్రిగారి చెవిలో ఏదో ఊదారు. మంత్రిగారు రెండు గుక్కలు మంచినీళ్లు తాగి, "మొదటి విడతగా పది" అన్నారు. మళ్లీ చప్పట్లు. కార్యదర్శి మళ్లీ వంగారు. "అందులో తక్షణం ఒకటి" అన్నారు మంత్రిగారు. ఈసారీ చప్పట్లే, ఏమాత్రం జోరు తగ్గకుండా. వందకీ ఒకటికీ తేడా చూపించని సభను నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో అప్పుడే చూశాను. నేనూ కొట్టాను, అరచేతులు ఎర్రబడేదాకా.

తరవాత మంత్రిగారు యంత్రాన్ని చూడ్డానికి వచ్చారు. అది నిలువెత్తు ఇనప బీరువాలా ఉంటుంది, ముందు మందపాటి గాజు తలుపు. పక్కన మా మేనకోడలు నిలబడి ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ యంత్రాన్ని నడుపుతున్నది ఆమే.

"ఏదైనా పదార్థాన్ని మెత్తగా పొడి చేసి ఇందులో పెడతామండీ. దాని మీద ఎక్స్‌రే కిరణాలు పడి, కొన్ని కోణాల్లో గట్టిగా, కొన్ని కోణాల్లో నెమ్మదిగా చెదురుతాయి. ఆ లెక్కని బట్టి లోపల అణువులు ఏ వరసలో కూర్చున్నాయో తెలుస్తుంది" అని ఆమె వివరించింది.

మంత్రిగారు తెర మీద గీతల వైపు తదేకంగా చూశారు. "ఈ ఒక్క గీతే ఇంత పొడుగ్గా ఉందేంటి? పక్కవాళ్లంతా పొట్టిగా ఉండిపోయారే?"

"ఆ పదార్థం స్వభావం అంతేనండీ."

"మా ప్రభుత్వంలో అలా కుదరదమ్మా. ఎదిగితే అందరూ ఎదగాలి."

డైరెక్టరుగారు వెంటనే డైరీ తీసి రాసుకున్నారు. "వచ్చే మూడు నెలల్లో అన్నిటినీ ఒక లెవెల్‌కి తెప్పిస్తాం సార్" అన్నారు. పాఠకులు గమనించాలి. ప్రపంచంలో ఎందరో శాస్త్రవేత్తలు జీవితకాలం ఆ గీతల్ని చూస్తూ కూర్చున్నారు గానీ, వాటికి జరుగుతున్న అన్యాయం ఎవరి కంటా పడలేదు. మంత్రిగారికి మూడు నిమిషాలు చాలింది.

ఇక నా సంగతి. ఈ పదార్థ విజ్ఞాన సంస్థలో నేను నియామకాల సెక్షనుకి సూపరింటెండెంటుని. గుమ్మం మీద బోర్డు అలాగే ఉంటుంది గానీ, లోపలివాళ్లందరూ మా సెక్షన్ని టైలర్ షాపు అంటారు. దానికి కారణం ఉంది. వేరే చోట్ల ఏం చేస్తారంటే, ముందు ఉద్యోగానికి అర్హతలు రాసి, తరవాత మనిషిని వెతుక్కుంటారు. రెడీమేడ్ చొక్కా కొన్నట్టు. సగం మందికి వదులు, సగం మందికి బిగుతు. మా సంస్థలో ఆ అవస్థ లేదు. ముందు మనిషిని చూసుకుంటాం. అతని బయోడేటా నా బల్ల మీదికి వస్తుంది. దాన్ని మేం కొలతలు అంటాం. ఆ కొలతల ప్రకారం నేను ప్రకటన కుడతాను. ఇరవై ఆరేళ్లలో నేను కుట్టిన ప్రకటన ఒక్కటంటే ఒక్కటి వదులుగా ఉందని ఎవరూ అనలేదు.

మంత్రిగారి కారు గేటు దాటగానే డైరెక్టరుగారి నుంచి పిలుపొచ్చింది.

"ఏమయ్యా, ప్రకటన ఎప్పటికి?"

"కొలతలిస్తే రేపటికి సార్."

ఆయన సొరుగులోంచి నాలుగు పేజీల కాగితాలు తీసి, రెండు చేతులతో నాకు అందించారు. అవి చిన్నసారువి. చిన్నసారు అంటే మంత్రిగారి భార్యకి స్వయానా తమ్ముడు. వయసు ముప్పై మూడు. చూడచక్కని మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చెదరదు. మా సంస్థకి గౌరవ సలహాదారు. సలహా ఎప్పుడూ ఇవ్వలేదు, అందువల్ల ఆయన మాట వృథా పోయిన సందర్భమూ లేదు.

కొలతలు దివ్యంగా ఉన్నాయి. పౌడర్ డిఫ్రాక్షన్ మీద మూడు పరిశోధన పత్రాలు. యంత్రం మీద నాలుగు వందల గంటల అనుభవం. నేను రాత్రికి రాత్రి కుట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది, మధ్యాహ్నం టీ వేళకి ప్రకటన తయారు. మూడు పత్రాలు ఉండాలి, రెండైతే చాలదు, నాలుగైతే ఎక్కువ. నాలుగు వందల గంటలు ఉండాలి. వయసు చివరి తేదీ నాటికి ముప్పై ఐదు దాటకూడదు. చివరి తేదీ జూన్ ముప్పై.

ఇక్కడ ఇంటి విషయం ఒకటి చెప్పక తప్పదు. మా మేనకోడలు అంటే మా చెల్లెలి కూతురు. ఎనిమిదేళ్లుగా ఆరేసి నెలల కాంట్రాక్టు. ప్రతి ఆరు నెలలకీ ఒక శుక్రవారం సాయంత్రం ఉద్యోగంలోంచి తీసేసి, సోమవారం పొద్దున మళ్లీ తీసుకుంటారు. మధ్యలో శనాదివారాల్లో ఆమెకీ సంస్థకీ ఏ సంబంధమూ ఉండదు. కల్వంలో రాయి నూరేది ఆమె, జల్లెడ పట్టేది ఆమె, గాజుపలకతో పొడి నున్నగా అదిమి యంత్రంలో పెట్టేది ఆమె. ఆ మూడు పత్రాలూ రాసింది ఆమె. "విజ్ఞానం నలుగురితో పంచుకోవాలమ్మా" అని డైరెక్టరుగారు అంటే, చిన్నసారు పేరు ముందు వేసి, తన పేరు వెనక వేసుకుంది. నాలుగు వందల గంటలూ ఆమె కూర్చున్నవే. రిజిస్టర్లో "చిన్నసారు పర్యవేక్షణలో" అని ఒక స్టాంపు గుద్దేవాళ్లు.

ఆగస్టు పంతొమ్మిదికి ఆమెకి ముప్పై ఐదు నిండుతాయి. ఈ పోస్టు తప్పితే ఇక జన్మలో డాక్టరేట్ లేదు. ఇదీ సంగతి.

నేను నిజాయితీపరుణ్ణి. ఆఫీసు రహస్యం ఒక్క ముక్క బయటికి చెప్పలేదు. ప్రకటన కాపీని మాత్రం మా చెల్లెలింట్లో భోజనాల బల్ల మీద మరిచిపోయి వచ్చాను.

గడువులోగా రెండు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి చిన్నసారుది, ఇంకొకటి మా మేనకోడలిది. రెండూ ఒకే చేతిరాత. చిన్నసారుకి ఫారాలు నింపడం చికాకు, అందుకని ఎప్పటిలాగే ఆమెకే ఇచ్చారు. ఆమె ఆయనది శ్రద్ధగా నింపి, తరవాత తనది నింపుకుంది. ఆయన దరఖాస్తులో ఒక్క కొట్టివేత లేదు. తనదాంట్లో రెండున్నాయి.

డైరెక్టరుగారు రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టుకుని ముఖం మాడ్చుకున్నారు. "ఇదేంటయ్యా? ఆయనకి కుట్టమంటే ఈ అమ్మాయికి కూడా సరిపోయేట్టు కుట్టావ్?"

"కొలతల్లో ఉన్నవే వేశాను సార్. ఒక్క కుట్టు కూడా నా సొంతం కాదు."

"అయితే సవరణ వెయ్యి. ఆయనకుండి ఈ అమ్మాయికి లేనిదేదో చూడు."

మొదటి సవరణ: అభ్యర్థి విదేశాల్లో జరిగిన సదస్సులో పాల్గొని ఉండాలి. చిన్నసారు పాల్గొన్నారు. ఫొటో ఉంది. ఫొటోలో ఆయన మైకు పట్టుకుని ఉన్నారు, దాన్ని మా మేనకోడలికి అందిస్తూ. వేదిక ఎక్కాక ఆయన గొంతు పట్టేసిందట, గంటసేపు ఉపన్యాసం ఆమె ఇచ్చింది. కాబట్టి ఆమే పాల్గొంది.

రెండో సవరణ: మంత్రి స్థాయి వ్యక్తి నుంచి ప్రశంసాపత్రం ఉండాలి. డైరెక్టరుగారు ఈ సవరణ చూసి నిశ్చింతగా కాళ్లు బారచాపుకున్నారు. కానీ మంత్రిగారి పీయే దగ్గర సంతకాలు పెట్టిన ప్రశంసాపత్రాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. యంత్రం చూసిన రోజున కంటికి కనిపించిన ప్రతివాళ్లకీ పేరు నింపి ఇచ్చేసి వెళ్లాడు. టీ తెచ్చిన అటెండరుకి కూడా ఒకటుంది, ఫ్రేము కట్టించుకున్నాడు. మా మేనకోడలు తనది జిరాక్సు తీయించి జతచేసింది.

"ఆయనకున్నవన్నీ ఈ అమ్మాయికి ఎలా ఉంటున్నాయయ్యా?" అని డైరెక్టరుగారు జుట్టు పీక్కున్నారు. ఆయన అమాయకత్వానికి నాకు ముచ్చటేసింది.

మూడోసారి ఆయనే స్వయంగా ఆలోచించారు. బయోడేటా మొదటి పేజీ చూశారు. ఎత్తు, ఐదడుగుల పదకొండు అంగుళాలు. మా మేనకోడలు ఐదడుగుల రెండంగుళాలు. "దొరికింది!" అని బల్ల గుద్దారు. మూడో సవరణ: యంత్రం పై తలుపు అందుకోవలసిన దృష్ట్యా అభ్యర్థి ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలకు తగ్గరాదు. ఎనిమిదేళ్లుగా ఆమె చిన్న స్టూలు వేసుకుని ఆ తలుపు తీస్తోంది. స్టూలుని లెక్కలోకి తీసుకోరాదని కూడా రాయించారు.

ఎత్తు కొలవడానికి ఒక డాక్టరుని పిలిపించారు. నిజం డాక్టరు, మందులిచ్చే రకం. ఆయనకి సంస్థ పద్ధతులు తెలీవు. చిన్నసారు బూట్లు విప్పించి గోడకి నిలబెట్టి, "ఐదడుగుల ఆరు" అన్నాడు.

"జుట్టు కలిపారా?" అని అడిగారు డైరెక్టరుగారు.

"కలిపానండీ."

"పొద్దున పూట మనుషులు కాస్త పొడుగుంటారంటారు కదా. రేపు పొద్దున ఇంకోసారి..."

"ఇది పొద్దునేనండీ."

చిన్నసారు నొచ్చుకోలేదు. "బయోడేటా కూడా ఆవిడే రాసింది. అడిగితే పదకొండు వెయ్యమన్నాను, వేసింది. తప్పు ఆవిడదేం లేదు" అని పెద్దమనసుతో అన్నారు.

ఆ ఎత్తు సవరణను ఉపసంహరించుకోడానికి ఇంకో సవరణ కావాల్సి వచ్చింది. అది టైపు చెయ్యడానికి నేను లేవబోతుంటే డైరెక్టరుగారి చూపు గోడ క్యాలెండరు మీద పడింది. సవరణ వేసిన ప్రతిసారీ చివరి తేదీ పదిహేను రోజులు జరగాలని రూలు. జూన్ ముప్పై కాస్తా జూలై పదిహేను అయింది, జూలై ముప్పై అయింది, ఆగస్టు పధ్నాలుగు అయింది. ఇప్పుడు ఇది వేస్తే ఆగస్టు ఇరవై తొమ్మిది.

"ఆ అమ్మాయి పుట్టినరోజు ఎప్పుడయ్యా?"

నేను వినపడనట్టు ఫైలు సర్దుకున్నాను. ఆయన దరఖాస్తు తిప్పి తనే చూసుకున్నారు. ఆయన ముఖం చూడాలి, పరీక్ష పాసైన పిల్లాడికి కూడా అంత వెలుగుండదు. "ఇన్నాళ్లూ మనం అర్హతల కోసం పాకులాడాం. ఏ అర్హతా అక్కర్లేదయ్యా! తేదీ జరిపితే చాలు. వెళ్లు, వెళ్లి టైపు చెయ్యి."

చేశాను. ఉద్యోగం చేసేవాడు ఇంకేం చేస్తాడు?

ఆగస్టు పంతొమ్మిది ఆదివారం పడింది. పొద్దున్నే చెల్లెలింటికి వెళ్లాను. మా మేనకోడలు బల్ల దగ్గర కూర్చుని ఆ నాలుగో సవరణ చదువుతోంది.

"ఇది టైపు చేసింది నువ్వేనా మావయ్యా?"

"నేనేనమ్మా."

"ఒక్క అక్షరం తప్పు లేదు."

"ఇరవై ఆరేళ్ల సర్వీసు కదా" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "ఎనిమిదేళ్లు మావయ్యా! ఆ యంత్రం దగ్గుతుందో తుమ్ముతుందో కూడా నాకు తెలుసు. ఇప్పుడు నేను పుట్టడమే పది రోజులు తొందరపడినట్టయింది" అంది. మా చెల్లెలు కాఫీ గ్లాసు నా ముందు ఠప్పున పెట్టి, "నీ సర్వీసు తగలెయ్య" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంత్రిగారి మీద, డైరెక్టరుగారి మీద నాకున్న గౌరవం ఆ ఒక్క పూట కాస్త సడలిందని పాఠకులకి విన్నవించుకుంటున్నాను.

సెప్టెంబరు మొదటి వారంలో ఇంటర్వ్యూ జరిగింది. డైరెక్టరుగారు, బయటినుంచి వచ్చిన ఇద్దరు నిపుణులు, మినిట్సు రాసుకోడానికి నేను. అభ్యర్థి ఒక్కరే. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, బిస్కెట్ల ప్లేటు తనవైపు జరుపుకున్నారు.

పెద్ద నిపుణుడు గొంతు సవరించుకున్నాడు. "డిఫ్రాక్షన్ అంటే ఏమిటండీ?"

"మీకు తెలీదా?" అన్నారు చిన్నసారు.

"తెలుసండీ."

"ఈయనకి?"

"నాకూ తెలుసండీ" అన్నాడు రెండో నిపుణుడు.

"మరి అందరికీ తెలిసిందే మళ్లీ చెప్పుకోవడం ఎందుకు? టైము వేస్టు."

ఇద్దరు నిపుణులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సమయపాలన: అత్యుత్తమం" అని రాయమన్నారు. రాశాను.

"మీరేమన్నా అడగాలనుకుంటున్నారా?"

"ఆఁ. డాక్టరేట్ పట్టా అపాయింట్‌మెంట్ లెటర్‌తో పాటే ఇస్తారా, పోస్టులో పంపిస్తారా?"

డైరెక్టరుగారు మెల్లిగా అన్నారు. "అది... పరిశోధన చేశాక ఇస్తామండీ. ఓ నాలుగేళ్లు."

"నాలుగేళ్లా!" చిన్నసారు బిస్కెట్ వదిలేశారు. "పోనీలెండి, పరిశోధన ఎలాగూ ఆవిడ చేస్తుంది. నాలుగేళ్లయ్యాక వస్తాను."

"రోజూ రావాలండీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలిముద్ర వెయ్యాలి."

"అది కూడా ఆవిడే వేస్తుంది."

"వేలు మీదే కావాలండీ."

చిన్నసారు తన బొటనవేలిని పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అది తన దగ్గరున్నట్టు ఆయన ఇంతకాలం గమనించినట్టు లేదు. పత్రాలు ఆవిడ రాసింది, ఉపన్యాసం ఆవిడ ఇచ్చింది, ఫారం ఆవిడ నింపింది. ఈ వేలు మాత్రం ఆయనే మోసుకు రావాలి. "ఈ దిక్కుమాలిన మిషను ఎవరు పెట్టించారండీ?" అన్నారు.

"మీ బావగారేనండీ. క్రమశిక్షణ కోసం. ఎవరికీ మినహాయింపు లేదని జీవో కూడా ఇచ్చారు."

చిన్నసారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించడం నేను చూడటం అదే మొదలు. చివరికి, "ఒక పని చెయ్యండి. ఉద్యోగం ఆవిడకిచ్చి, పట్టా నాకిచ్చెయ్యండి" అన్నారు.

నిపుణులు ఇది ఆచరణలో ఉన్న పద్ధతేనని, అయితే కాగితం మీద ఇంతవరకు రాయలేదని అభిప్రాయపడ్డారు. మంత్రిగారికి ఫోను వెళ్లింది. ఆయన అరనిమిషంలో తేల్చేశారు. "మావాడికి కావలసింది పేరు ముందు 'డాక్టర్' అనే మాటేగా? గౌరవ డాక్టరేట్ ఇచ్చెయ్యండి. ఆ పోస్టు ఎవరో ఒకరికి పడెయ్యండి, వచ్చే వారం అసెంబ్లీలో నింపేశానని చెప్పాలి."

ఎవరో ఒకరు అంటే ఇంకొక దరఖాస్తు ఒక్కటే ఉంది. దానికి వయసు పది రోజులు దాటింది. డైరెక్టరుగారు నా వైపు తిరిగి, వెన్నపూస లాంటి గొంతుతో, "పాపం, మనమే తొందరపడ్డామేమోనయ్యా. వయసు ప్రకటన తేదీ నాటికి లెక్కించాలని ఇంకో సవరణ వెయ్యి" అన్నారు. ఏడు నిమిషాల్లో వేసేశాను. సంతోషంలో మూడు అక్షరాలు తప్పు పోయాయి. నా సర్వీసులో అవే మొదటివి, వాటిని దిద్దలేదు కూడా.

ఆ సాయంత్రం మా చెల్లెలు నాతో మళ్లీ మాట్లాడింది.

కథ ఇంతటితో అయిపోతే బాగుండేది. సోమవారం ఉద్యోగంలో చేరిన మా మేనకోడలు ఆర్డరు చివరి పేరా చూపించింది. ప్రతి విద్యార్థికీ ఒక గైడు ఉండాలి. గైడుకి డిఫ్రాక్షన్ రంగంలో డాక్టరేట్ ఉండాలి. ఉన్న ఒక్క పెద్దాయనా రెండేళ్ల కిందట రిటైరయ్యారు. డైరెక్టరుగారిది చేపల చెరువుల్లో డాక్టరేట్. ఇక సంస్థ మొత్తంలో ఆ అర్హత ఒక్కరికే ఉంది, మొన్న ఇచ్చిన గౌరవ డాక్టరేట్‌తో వచ్చింది. గైడు: డాక్టర్ చిన్నసారు. గైడులకి వేలిముద్ర అక్కర్లేదు.

"ప్రతి పత్రం మీదా గైడు పేరే ముందుండాలట మావయ్యా. ఆయన ఒప్పుకోకపోతే థీసిస్ తీసుకోరట. ఎనిమిదేళ్లు ఆయన పేరు మొహమాటానికి మోశాను. ఇక ఆఫీసు ఆర్డరు మీద మొయ్యాలి" అంది.

"పట్టా వస్తుంది కదమ్మా" అన్నాను.

"వస్తుంది. నా పట్టా వెనక కూడా ఆయన పేరే ఉంటుంది" అని చీపురు తీసుకుని యంత్రం కింద ఊడవడం మొదలుపెట్టింది. ఒళ్లు మండితే ఆమె అలాగే ఊడుస్తుంది.

ఆరు నెలలు ఆమె దించిన తల ఎత్తలేదు. వేడెక్కిస్తే అణువుల వరస మార్చుకుని, చల్లారితే మళ్లీ పాత వరసకొచ్చే ఒక పింగాణీ పదార్థాన్ని పట్టుకుంది. రెండొందల సార్లు కాల్చి, రెండొందల సార్లు కొలిచింది. ఆ గీతలు తెర మీద కదిలి సర్దుకుంటుంటే నాకు అర్థం కాకపోయినా ఒళ్లు పులకరించింది. ఈ ఆరు నెలల్లో గైడుగారు లాబ్‌కి ఒక్కసారి వచ్చారు, గొడుగు మరిచిపోయానేమోనని. మరిచిపోలేదు.

ఇంతలో ఆరునెలల నివేదిక ఫారం వచ్చింది. విద్యార్థి గురించి గైడు స్వయంగా రాసి సంతకం చెయ్యాలి. నెలాఖరులోగా అందకపోతే పోస్టు రద్దు. మేమిద్దరం కలిసి చిన్నసారు ఇంటికి వెళ్లాం. గేటుకి ఒక నేంప్లేటు, తలుపుకి ఒకటి, కారుకి ఒకటి. మూడింటి మీదా డాక్టర్ అన్న మాట పేరు కంటే పెద్దది. ఆయన ఎక్కడికో బయల్దేరుతున్నారు, ఒక కాలికి బూటుంది.

"గైడు అంటే ఏం రాయాలమ్మా?"

"నా గురించి మీ అభిప్రాయం రాయాలండీ."

"నీ గురించి నాకేం తెలుసు? నువ్వే రాసెయ్యి, ఎప్పటిలాగే. సంతకం పెట్టేస్తాను."

ఆమె బల్ల దగ్గర కూర్చుని రాసింది. నేను భుజం మీంచి తొంగి చూశాను. చివరి గడిలో, 'విద్యార్థికి ఇంకా ఎంతవరకు మార్గదర్శకత్వం అవసరం?' అని ఉంది. దాని కింద ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: 'అవసరం లేదు. ఇకపై ఈమె స్వతంత్రంగా పరిశోధన చేసి తన ఒక్క పేరుతోనే ప్రచురించుకోవచ్చు. థీసిస్ నేరుగా సమర్పించవచ్చు. గైడుగా నా బాధ్యత ఇంతటితో పూర్తయింది.'

చిన్నసారు రెండో బూటు తొడుక్కుంటూ అడిగారు. "మంచిగానే రాశావుగా?"

"చాలా మంచిగా రాశానండీ."

"నన్నేం తక్కువ చెయ్యలేదుగా?"

"గైడుగా మీ బాధ్యత పూర్తయిందని రాశానండీ."

"భేష్!" అని నిలబడే సంతకం పెట్టారు. డాక్టర్ అన్న మాట దగ్గర రెండుసార్లు దిద్దారు.

చిన్నసారు రాసినదాన్ని చదివి చూడటం అమర్యాద అవుతుందని డైరెక్టరుగారు కింద "పూర్తిగా ఏకీభవిస్తున్నాను" అని రాశారు. మంత్రిగారి పేషీ నుంచి ఆమోదముద్ర పడింది. నేను ఆర్డరు టైపు చేశాను. ఇది మాత్రం నాలుగుసార్లు సరిచూసుకున్నాను, ఒక్క అక్షరం తప్పు పోనివ్వలేదు. గైడు బాధ్యతల నుంచి డాక్టర్ చిన్నసారుని విముక్తుల్ని చేయడమైనది.

ఆ నివేదికని చదివినవాళ్లు దేశం మొత్తంలో ఒక్కరే ఉన్నారు, ఉత్తమ గైడు అవార్డు కమిటీ. వాళ్లకి చదవక తప్పదు, భత్యం ఇస్తారు. మిగతా గైడులు నాలుగేళ్లూ ఐదేళ్లూ తీసుకునే పనిని ఒకాయన ఆరు నెలల్లో ముగించి, శిష్యురాలికి గైడే అక్కర్లేని స్థితికి తెచ్చి, తన పేరు కూడా వద్దని త్యాగం చేశాడని వాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారట. ఓటింగు కూడా పెట్టలేదు.

అవార్డు సభ మా హాల్లోనే జరిగింది. ఆ వారమే మా మేనకోడలి పత్రం అచ్చయి వచ్చింది. పైన ఒకే ఒక్క పేరు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మధ్య మధ్యలో ఆ పేరు మీద వేలితో రాసి చూసుకుంటోంది. పక్కన మా చెల్లెలు కళ్లు తుడుచుకుంటోంది. వేదిక మీద మంత్రిగారు, "ఇలాంటి గురువు దొరకడం ఈ దేశం చేసుకున్న అదృష్టం" అంటున్నారు. అవార్డు అందుకోవలసిన చిన్నసారు మెట్ల దగ్గరిదాకా వెళ్లి, ఏదో అనుమానమొచ్చి, గబగబా వెనక్కొచ్చి మా మేనకోడలి వైపు వంగారు.

"అమ్మా, పైన మైకు ఇచ్చి అడుగుతారేమో. ఇంతకీ నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదండీ."

"మరి ఈ అవార్డు?"

"దానికేనండీ."

చిన్నసారు ఒక్క క్షణం ఆలోచించారు. ముఖం తేటపడింది. "అయితే వచ్చే ఏడాది కూడా అదే చేస్తాను" అని టై సవరించుకుని మెట్లెక్కారు.